ఎండ పంటలో ఎవరి వాటా ఎంత?



పావగడ తాలూకాను ఈ సరిహద్దు ప్రాంతం వారికి కొత్తగా పరిచయం చేయవలసిన పనిలేదు. అది కర్ణాటకలోని తుమకూరు జిల్లాకు చెందినదే అయినా, దాదాపు మూడు వైపులా ఉన్నవి ఆంధ్ర పల్లెలే. చాలా ఇళ్ళలో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం. వాన పడితే శెనక్కాయ పంట, పడకపోతే బెంగళూరు దారి. బాలసముద్ర, రాయచెర్లు వంటి ఊళ్ళ పేర్లలో చెరువులూ సముద్రాలూ వినిపిస్తాయి గాని, నీళ్ళు కనిపించే ఏళ్ళు తక్కువ.

ఇక్కడ ఎప్పుడూ కొరత లేనిది ఎండ ఒక్కటే. ఆ ఎండనే పంటగా మార్చాలన్న ఆలోచనతో తిరుమణి, దాని చుట్టుపక్కల గ్రామాల్లో సుమారు 13,000 ఎకరాల్లో సౌర విద్యుత్ పార్కు కట్టారు. మొదటి దశ 2018లో ప్రారంభమైంది. 2019 చివరికి మొత్తం సామర్థ్యం 2,050 మెగావాట్లకు చేరింది. ఇంజనీరింగు చదువుతున్న విద్యార్థిగా ఈ పార్కును గురించి నాకు తోచిన నాలుగు మాటలు మీతో పంచుకుంటాను.

ముందుగా మెచ్చుకోవలసినది చెప్పుకుందాం. పెద్ద ప్రాజెక్టు అనగానే భూమి పోతుందని రైతు భయపడతాడు. ఇక్కడ ప్రభుత్వం భూమిని కొనలేదు, లాక్కోలేదు. మన వైపు గుత్త అంటామే, ఆ పద్ధతిలో తీసుకుంది. పట్టా రైతు పేరనే ఉంటుంది. మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, ఆపై రెండేళ్ళకొకసారి నూటికి ఐదు చొప్పున పెంపు. విత్తనం ఖర్చు కూడా తిరిగిరాని ఏళ్ళు చూసిన రైతుకు ఇది నమ్మకమైన రాబడి. విధానం బాగుంటే యంత్రం మనిషికి దగ్గరవుతుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

అయితే, శ్రోతలారా, ఈ గుత్త ఒక తరం నడిచేంత కాలానికి రాసుకున్నది. అందుకే దాని లెక్క కాస్త నెమ్మదిగా చూడాలి. రెండేళ్ళకు ఐదు శాతం చొప్పున పెరిగితే 21,000 రూపాయలు ఇరవై ఏళ్ళకు సుమారు 34,200 అవుతాయి. వినడానికి బాగానే ఉంది. కాని బియ్యం, బట్ట, మందుల ధరలు ఏడాదికి ఐదు శాతం చొప్పున పెరిగాయనుకోండి. ఈనాడు 21,000కు వచ్చే సరుకు కొనడానికి అప్పటికి దాదాపు 55,700 కావాలి. అంటే చేతికి వచ్చే నోట్లు పెరుగుతాయి, వాటితో ఇంటికి వచ్చే సరుకు తగ్గుతుంది. గుత్త పెంపును ధరల సూచికతో ముడిపెట్టి ఉంటే ఈ ఇబ్బంది ఉండదు. ఉద్యోగుల కరువు భత్యానికి పాటించే సూత్రమే ఇది. కరువు సీమ రైతుకు అది ఎందుకు వర్తించకూడదు?

రెండో విషయం ఇంతకంటే ముఖ్యమైనది. గుత్త డబ్బు పట్టా ఉన్నవారికే వస్తుంది. ఆ పొలాల్లో కలుపు తీసి, శెనక్కాయ పీకి కూలి తెచ్చుకున్న వారికి పట్టా లేదు. కోతల తరువాత బీళ్ళలో గొర్రెలు మేపుకున్న కాపరికీ లేదు. కంచె పడిన నాడే వారి బతుకుతెరువు కంచెకు అవతల ఉండిపోయింది. పార్కు కట్టేటప్పుడు కూలి పని చాలా ఉంటుంది. కట్టడం అయ్యాక పలకలు తుడవడం, గడ్డి కోయడం, కాపలా కాయడం వంటి కొద్ది పనులే మిగులుతాయి.

వీరికి ఏమైనా చేయాలంటే డబ్బు ఎక్కడిదని అడుగుతారు. దానికీ ఒక లెక్క ఉంది. రాత్రీ పగలూ, మబ్బూ ఎండా అన్నీ కలిపి సగటున ఐదోవంతు సామర్థ్యంతో పార్కు పనిచేస్తుందనుకుందాం. అప్పుడు ఏడాదికి సుమారు 359 కోట్ల యూనిట్ల విద్యుత్తు వస్తుంది. ఎకరాకు 21,000 చొప్పున మొత్తం గుత్త 27 కోట్ల చిల్లర. అంటే యూనిట్టుకు భూమి ఖర్చు ఏడెనిమిది పైసలు మాత్రమే. ఇంకొక్క పైసా పక్కన పెడితే ఏడాదికి మూడున్నర కోట్ల రూపాయలు. ఆ సొమ్ముతో భూమిలేని కుటుంబాల పిల్లలకు ఎలక్ట్రీషియన్ పని నేర్పవచ్చు, ఆడవారికి ఇంటి దగ్గర చేసుకునే పని చూపవచ్చు. పట్నంలో బల్బు వెలిగించుకునేవాడికి ఆ పైసా బరువు తెలియదు.

కాపరి సమస్యకు డబ్బు కూడా అంతగా అక్కరలేదు. పలకల కింద గడ్డి పెరిగితే నీడ పడుతుంది, ఎండాకాలం నిప్పు భయం ఉంటుంది. దాన్ని కోయించడానికి కంపెనీలు ఖర్చు పెడతాయి. కొన్ని దేశాల్లో ఆ పని గొర్రెల మందలతోనే చేయిస్తున్నారు. వైర్లను గొట్టాల్లో భద్రపరచి, పలకలను కాస్త ఎత్తున బిగిస్తే చాలు, మందకూ మేత, కంపెనీకీ ఆదా. కాని ఆ ఎత్తును నక్షా గీసేటప్పుడే నిర్ణయించాలి. స్తంభాలు పాతాక మార్చడం కష్టం. అంటే కాపరి సంగతి ఇంజనీరు బల్ల మీదికి మొదటి రోజే రావాలి.

మా పాఠాల్లో పలకను ఏ కోణంలో వంచితే ఎంత విద్యుత్తు వస్తుందో నేర్పుతారు. అది నేర్వవలసిందే. దానితో పాటు ఒక ఎకరం మీద ఎంతమంది ఆధారపడి ఉన్నారో లెక్కగట్టడం కూడా ఇంజనీరు నేర్వాలని నా అభిప్రాయం.

సరిహద్దుకు ఈవలనైనా ఆవలనైనా ఎండ ఒక్కటే. రేపు మీ ఊరికీ ఇటువంటి ఒప్పందం రావచ్చు. వచ్చినప్పుడు వద్దని తోసేయకండి, తొందరపడి వేలిముద్రా వేయకండి. పత్రం మీకు వచ్చిన భాషలో చదివించుకోండి. గ్రామసభలో మూడు ప్రశ్నలు అడగండి. ధరలు పెరిగితే గుత్త పెరుగుతుందా? భూమిలేని వారికి వాటా ఏమిటి? గడువు తీరాక పాత పలకలనూ సిమెంటు దిమ్మెలనూ ఎవరి ఖర్చుతో తీసి, నేలను సేద్యానికి పనికివచ్చేలా అప్పగిస్తారు? ఈ మూడింటికీ జవాబు కాగితం మీదికి ఎక్కాకే సంతకం చేయండి.