తరుగు లెక్క

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు నకారా గారి కేసు గుర్తుకు వస్తుంది. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు, పింఛను అనేది సర్కారు దయతలచి ఇచ్చే బహుమానం కాదని, చేసిన సేవకు దక్కే హక్కు అని తీర్పు చెప్పింది. ఏటా ఈ వేదిక మీద కరువు భత్యం బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి మిత్రులు చక్కగా మాట్లాడుతూనే ఉన్నారు. ఈసారి కార్యదర్శి గారు నాతో, "మీ ఇంటి వృత్తి గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను ముప్పై ఏడేళ్లు ఫైళ్లు కట్టినవాణ్ణే గాని నగలు చేసినవాణ్ణి కాదు. అయినా పుట్టింది కంసాలి ఇంట్లో. చూసింది చూసినట్టు చెబుతాను.

మాది బూర్గంపహాడ్. అటు గోదావరి, ఇటు కిన్నెరసాని, చుట్టూ ఏజెన్సీ అడవి. ఏటి అవతల భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, ఇవతల మేము నైజాం వాళ్లం. అందుకని అవతలి వాళ్లు కాసుల్లో అడిగితే, ఇవతలి వాళ్లు తులాల్లో అడిగేవారు. మా నాయన రెండు లెక్కలూ నోటితోనే చెప్పేవారు. తులానికి పన్నెండు మాషాలు, మాషానికి ఎనిమిది గురిగింజలు. సంతకు వచ్చే కోయవాళ్ల దగ్గర గురిగింజలు, కుంకుడుకాయలు, చింతపండు, బొగ్గు కొనేవారు. తూచటానికి గింజ, కడగటానికి కుంకుడు, మెరుగుకు చింతపండు, కుంపటికి బొగ్గు. మా పనికి సగం సరుకు అడవే ఇచ్చేది.

వసారాలో కుంపటి, పక్కన దాగలి, ఊదుగొట్టం, పటకారు, కమ్మచ్చు, గీటురాయి. అన్నిటికన్నా కష్టమైనది కోత పని. సాగగొట్టిన రేకు మీద సూదిమొనతో గీత గీసి, చిన్న బెజ్జం చేసి, వెంట్రుక లాంటి రంపపు బ్లేడు అందులో దూర్చి కోయాలి. గీత మీద కోయకూడదు, గీతను ఆనుకుని బయటి వైపు కోయాలి. ఎక్కువ బయటికి పోతే ఆకురాయి పని పెరుగుతుంది, కాస్త లోపలికి పోతే నగ చెడుతుంది. ఆ తరువాత చెక్కుడు. నగను లక్కలో పొదిగి కదలకుండా చేసి, ఉలిమొనతో ఏటవాలుగా సన్నటి పొర లేపితే అక్కడ అద్దం లాంటి చదును ఏర్పడి వెలుగు పడగానే తళుక్కుమంటుంది. గుండు చుట్టూ అలాంటి చదునులు ఒకే కొలతలో రావాలి. ఒకదాని అంచు ఇంకొకదాన్ని తాకాలి గాని మింగకూడదు. మేలిమి బంగారమైతే మరీ మెత్తన, ఉలితో పాటు సాగుతుంది. ఇరవై రెండు క్యారెట్లంటే ఇరవై నాలుగు పాళ్లలో ఇరవై రెండు బంగారం, మిగతా రెండు రాగి, వెండి. ఆ రెండు పాళ్ల వల్లనే కోత నిలుస్తుందని నాయన చెప్పేవారు.

పని చేసేటప్పుడు ఒళ్లో తోలు పరుచుకునేవారు. రాలిన రజనంతా దాంట్లో పడేది. సాయంత్రం కుచ్చుతో ఊడ్చి, తూచి, చిట్టా పుస్తకంలో మూడు అంకెలు రాసేవారు. ఇచ్చిన ఎత్తు, నగ ఎత్తు, రజను ఎత్తు. మొదటి దానికీ తక్కిన రెంటి మొత్తానికీ మధ్య వచ్చే తేడాయే నిజమైన తరుగు. "కోస్తే రాలింది కూడా ఇచ్చినవాళ్లదేరా. మనది కూలి మటుకే" అనేవారు.

1965లో గోదావరి మీద వంతెన రాకముందు, శ్రీరామనవమికి నాయన నన్ను పడవ మీద భద్రాచలం తీసుకుపోయేవారు. రామదాసు చేయించిన చింతాకు పతకం, పచ్చల పతకం, కలికితురాయి గురించి దారి పొడుగునా చెప్పేవారు. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న తానీషా కాలంలో పాల్వంచకు తహశీల్దారు. అంటే మన రెవెన్యూ శాఖవాడే. శిస్తు సొమ్ముతో గుడి కట్టించి, నగలు చేయించి, గోల్కొండ ఖైదులో పడ్డాడు. ఉద్యోగంలో చేరిన తరువాత ఆ కథ తలచుకుంటే నాకు భక్తితో పాటు భయమూ కలిగేది. నాయనకు మాత్రం వేరే ఆలోచన. జనంలో నన్ను భుజాన ఎత్తుకుని, "రాళ్లను కాదురా, అంచులు చూడు" అనేవారు. అంత దూరం నుంచి నాకేం కనపడుతుంది? ఆయనకు కనపడేది. ఇంటికి వస్తూ, "చేయించినాయన పేరు అందరూ చెప్తరు, కోసినవాని పేరు ఎవరడుగుతరు" అనేవారు.

1963 జనవరిలో బంగారు నియంత్రణ వచ్చింది. చైనా యుద్ధం తరువాతి రోజులు. పద్నాలుగు క్యారెట్లకు మించి కొత్త నగ చేయకూడదన్నారు. అంటే ఇరవై నాలుగు పాళ్లలో పది పాళ్లు వేరే లోహం. రంగు మారుతుంది, రేకు గట్టిపడుతుంది, కోతకు బ్లేళ్లు విరుగుతాయి. అన్నిటికన్నా ముఖ్యం, పెళ్లికి అలాంటి పుస్తెలు చేయించుకునే తల్లి ఎవరు? దేశంలో ఎందరో స్వర్ణకారులు వీధిన పడ్డారు, కొందరు ప్రాణాలే తీసుకున్నారు. మా నాయన సంతల వెంట తిరిగి వెండి కడియాలు చేసి మమ్మల్ని బతికించారు. అప్పుడు నాకు పదమూడేళ్లు. ఒకరోజు నా చేతిలోంచి ఊదుగొట్టం లాక్కుని, "నువ్వు దీని జోలికి రావద్దు. చదువుకుని సర్కారు కొలువులో చేరు" అన్నారు.

1966లో పద్నాలుగు క్యారెట్ల నిబంధన ఎత్తేశారు. కుంపటి మళ్లీ రాజుకుంది. పనికి చేయి కావాలి, ఇద్దరికీ ఫీజులు కట్టే స్తోమత లేదు. నాకంటే నాలుగేళ్లు చిన్నవాడు మా తమ్ముడు. ఆరో తరగతి అయిపోగానే వాణ్ణి తోలు పరిచి కూర్చోబెట్టారు. నేను పై చదువు చదివి, 1971లో తాలూకా కచేరీలో ఎల్.డి.సి.గా చేరాను. ఎవరూ ఎవరినీ అడగలేదు. వాడు ఒక్కనాడూ నన్ను మాట అనలేదు. 1968లో బంగారు నియంత్రణ చట్టం వచ్చాక లైసెన్సులు, రిజిస్టర్లు మొదలైనాయి. 1990లో ఆ చట్టం రద్దయ్యేదాకా ఇంటి రిజిస్టర్లు నేనే రాసేవాణ్ణి. నా వంతు అంతే అనుకునేవాణ్ణి.

1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు వచ్చింది. మా ఇల్లు మునిగింది. నాయన నడుముకు కట్టుకుని బయటపడ్డవి ముగ్గురు ఖాతాదారుల బంగారం, ఆ చిట్టా పుస్తకం. సొంత పనిముట్లు నీళ్లపాలైనాయి. మరుసటి ఏడు తమ్ముడు ఖమ్మం పోయి, ఒక దుకాణంలో కటింగు మిషను మీద కూర్చున్నాడు. గాజు గుండ్రంగా తిరుగుతుంటే వజ్రపు మొనను ఆనించి చెక్కడం ఆ పని. బోలు గాజు మీద ఒత్తిడి వెంట్రుక మందం ఎక్కువైతే రేకు చిరుగుతుంది. చిరిగితే ఆ నష్టం పనివాడిదే. పగలంతా ఆ మెరుపు కళ్లలోకి కొడుతూనే ఉంటుంది.

1998లో ఒకనాటి రాత్రి వాడు నా క్వార్టరుకు వచ్చి గడప దగ్గరే కూర్చున్నాడు. నేనప్పటికి ఖమ్మం బదిలీ అయి ఉన్నాను. ఆ నెల లెక్కలో 2.4 గ్రాములు తక్కువ వచ్చిందట. అప్పటి ధరకు దాదాపు వెయ్యి రూపాయలు. అంతకు ముందు నెలల్లోనూ కొంత కొంత పట్టుకున్నారు. ఈసారి యజమాని నలుగురి ముందూ దొంగ అన్నాడు. "పైసలు పోతే పోనీ అన్నా, ఆ మాట ఎట్లా పోతది?" అన్నాడు.

నాకు కోత రాదు గాని, లెక్క వచ్చు. "పుస్తకం ఉందా?" అన్నాను. ఉంది. నాయన నేర్పిన మూడు అంకెలు ప్రతి విడతకూ రాసి ఉన్నాయి. ఆ నెలలో అరవై విడతలు. ప్రతి దాంట్లోనూ తేడా దాదాపు ఒక్కటే, 40 మిల్లీగ్రాములు. గురిగింజ ఎత్తులో మూడో వంతు. దొంగతనం చేసేవాడు అరవై సార్లూ ఒకే కొలత దొంగిలిస్తాడా? సరుకు ఎక్కడ తూచి ఇస్తారు, ఎక్కడ తూచి తీసుకుంటారు అని అడిగాను. ముందు కాటా మీద తూచి ఇస్తారు, వెనక గదిలోని కాటా మీద తీసుకుంటారు.

మర్నాడు సెలవు పెట్టి ఇద్దరం పోయాం. ఒకే బంగారు కాసును రెండు కాటాల మీదా పెట్టించాను. ముందు కాటా 40 మిల్లీగ్రాములు ఎక్కువ చూపించింది. దాని మీద తనిఖీ ముద్ర గడువు దాటి ఉంది. వాడు ఎన్నడూ చేతికి తీసుకోని బంగారానికి లెక్క చెప్పాల్సి వచ్చిందన్నమాట. యజమాని ఆ నెల కోత రద్దు చేశాడు. వెనకటి నెలల్లో పట్టుకున్నది ఇవ్వలేదు. నేను గట్టిగా అడగబోతే తమ్ముడు నా చేయి పట్టుకుని, "పోనియ్ అన్నా, మాట పోయింది, చాలు" అన్నాడు. రేపు మళ్లీ అక్కడే కూర్చోవాల్సినవాడు కదా.

2008లో నేను రిటైరయ్యాను. రెండేళ్లకు వాడి కళ్లు పనికి ఆనకుండా పోయాయి. మొనను ఎక్కడ ఆనించాలో కనపడక, ఒకేరోజు రెండు గాజులు చిరిగాయి. ఆ రోజే లేచి వచ్చేశాడు. సెలవు జీతం లేదు, గ్రాట్యుటీ లేదు, సన్మానం లేదు, శాలువా లేదు. ఆ ఏడు నేను లైఫ్ సర్టిఫికెటు నింపుతుంటే పక్కన కూర్చుని నవ్వాడు. "నువ్వు బతికున్నానని కాగితం పెడితే సర్కారు పైసలిస్తది. నేను బతికున్నట్టు ఎవరికి రాసియ్యాలె అన్నా?" వాడు వేళాకోళంగానే అన్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి నెలనెలా పింఛనులోంచి కొంత వాడి చేతిలో పెడుతూ వచ్చాను. మొన్న వాడి కంటి ఆపరేషనుకు కాగితాలు వెతుకుతుంటే నాయన చిట్టా పుస్తకం దొరికింది. చివరి పేజీల్లో వంకర అక్షరాలతో తేదీలు, పక్కన అంకెలు. పైన "అన్న దగ్గర తీసుకున్నది" అని రాసి ఉంది. పదిహేనేళ్ల లెక్క, ఒక్క నెల తప్పకుండా అప్పుగా రాసుకున్నాడు. నేను అక్కడే కూర్చుని కింద గీత గీసి, "1966 నాటి ఫీజు బాకీ కింద జమ చేయబడినది. చెల్లు" అని రాసి, తేదీ వేసి సంతకం చేశాను. నా సర్వీసులో ఎన్నో ఫైళ్ల మీద సంతకాలు చేశాను. ఇంత ఆలస్యంగా పరిష్కరించిన ఫైలు ఇంకొకటి లేదు.

ఇది మా ఇంటి ముచ్చట మాత్రమే కాదని మీకు విన్నవిస్తున్నాను. ఇప్పుడు కంప్యూటరు మిషన్లు అదే కోతను క్షణాల్లో కోస్తున్నాయి. తయారైన నగలు కోయంబత్తూరు, ముంబాయిల నుంచి వస్తున్నాయి. ఆసరా పేరుతో 2014లో మొదలైన పింఛన్లలో చేనేత, కల్లుగీత వారికి వృత్తి పేరున చోటు దక్కింది. మా తమ్ముడికి వస్తున్నది వృద్ధాప్య పింఛను. 2023 సెప్టెంబరులో మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని పద్దెనిమిది వృత్తుల్లో స్వర్ణకారులూ ఉన్నారు. శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయలు, తక్కువ వడ్డీకి అప్పు ఉన్నాయి. ఫారం నేనే తెచ్చాను. తమ్ముడు చూసి, "సామాన్లున్నయి అన్నా, కళ్లే లేవు" అన్నాడు. కాని కళ్లున్న కుర్రవాళ్లు ఇంకా ఉన్నారు. ఫారాలు నింపడం వాళ్లకు రాదు, మనకు వచ్చు.

కనుక నా మనవి రెండే మాటలు. మనవరాళ్లకు నగలు కొనేటప్పుడు బిల్లులో నికర బరువు, రాళ్ల బరువు, మజూరి విడివిడిగా రాయించుకోండి. నగ మీద హాల్‌మార్కు, ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్య చూసుకోండి. అది మన హక్కు. పాత నగ సరిచేయించాల్సి వస్తే మాత్రం మీ ఊరి కంసాలి దగ్గరకు పోండి, అతని కూలి దగ్గర బేరం చేయకండి. ఇక రెండోది. వచ్చే ఏడు ఈ వేదిక మీద మనం కప్పుకునే శాలువాల్లో ఒకటి, పింఛను లేకుండా పని మానేసిన ఒక చేతివృత్తి మనిషికి కప్పుదాం. పేరు మా తమ్ముడిదే కానక్కరలేదు. వాడెలాగూ రాడు. వస్తే, ఆ శాలువా ఖరీదు కూడా పుస్తకంలో రాసుకుంటాడు.