ఆకలిని నడుపు పేగులు, నెత్తుటిలోని క్రొవ్వు

పంచాయతీ సభ్యులారా!

విశాఖ రేవునకు, ఉక్కు కర్మాగారమునకు చుట్టుపట్ల పల్లెల నుండి పెక్కురు పనికి పోవుదురు. రాత్రి షిఫ్టు చేయువానికి బొజ్జ పెరిగినచో తిండిపోతని మనము పరిహసింతుము. అది న్యాయము కాదు.

కడుపులో పుట్టు గ్రెలిన్ అను హార్మోను ఆకలి కలిగించును. దీనిని 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. భోజనానంతరము అది తగ్గును. పేగులలో పుట్టు జీ.ఎల్.పి.-1 ఇక చాలునని మెదడునకు తెలుపును. స్థూలకాయులలో పరగడుపున గ్రెలిన్ తక్కువగానే యుండుట వింత! అయితే తిన్న పిమ్మట అది తగినంతగా దిగదు. కావున విస్తరి ముందు నుండి లేచుట కష్టమగును. నిద్ర చాలనిచో గ్రెలిన్ పెరుగునని 2004లో వెలువడిన పరిశోధనలు చూపినవి.

పొట్టలో పేరిన క్రొవ్వు కాలేయమును చేరి నెత్తుటిలో ట్రైగ్లిసరైడులను పెంచును, మేలుచేయు హెచ్.డి.ఎల్. తగ్గును. గుండెకు ముప్పు ఇచ్చటనే యున్నది. నూనె మానితిమి గదా యని అన్నము రెట్టింపు చేయువారికిని, సారా మానని వారికిని (వీరు మన సభలోను లేకపోలేదు) ట్రైగ్లిసరైడులు తగ్గవు.

నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించినచో నెత్తురు పరీక్ష చేయింపవలెను. వచ్చు గ్రామసభకు ఆరోగ్య కార్యకర్తను కొలత టేపుతో రప్పింపుడు. మొదట సభ్యులే కొలిపించుకొనుడు.