బయటి చెయ్యి, ఇంటి తలుపు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఉర్దూ మీడియం బడిలో సాంఘిక శాస్త్రం చెప్పేవాణ్ణి. నల్లబల్ల మీద కుడి నుంచి ఎడమకు రాసి రాసి అలవాటైన చెయ్యి ఇది. తెలుగులో రాసుకొచ్చిన ఈ నాలుగు మాటల్లో తప్పులుంటే మన్నించాలి.

ముస్లిం దేశాల్లో విదేశీ జోక్యం గురించీ, అక్కడి రాజకీయ కల్లోలాల గురించీ మాట్లాడమని కార్యదర్శిగారు అడిగారు. అన్ని దేశాల గురించీ చెప్పబోతే ఏదీ చెప్పినట్టు కాదు. కాబట్టి ఇరాన్ ఒక్కదాన్నే తీసుకొంటాను. దానికి ముందు నా క్లాసులో జరిగిన ఒక సంగతి చెప్పాలి.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "సార్, మనవాళ్ళ దేశాల్లోనే ఎప్పుడూ రాజులు పారిపోవడం, సైన్యాలు దిగడం ఎందుకు?" అని అడిగింది. గంట కొట్టే వేళయింది. "అంతా బయటివాళ్ళ కుట్ర బేటీ" అనేసి రిజిస్టరు పట్టుకొని బయటపడ్డాను. తర్వాత పరీక్షలో మొఘల్ సామ్రాజ్య పతనానికి కారణాలు అడిగితే, ఆ అమ్మాయి ఒక్క వాక్యం రాసింది: "బయటివాళ్ళ కుట్ర." ఎర్ర పెన్ను పట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. సున్నా వేయాల్సింది ఆ పిల్లకా, నాకా? ఆ రోజు ఇవ్వని జవాబు ఇవాళ మీ అందరి ముందు ఇవ్వాలని వచ్చాను.

మొదట పొగాకు కథ వినండి. 1890లో ఇరాన్ పాదుషా నాసిరుద్దీన్ షా తన దేశంలో పండే పొగాకు మీద సర్వహక్కులూ టాల్బట్ అనే ఇంగ్లీషు మేజరుకు యాభై ఏళ్ళకు రాసిచ్చాడు. పండించేది ఇరాన్ రైతు, తాగేది ఇరాన్ జనం, మధ్యలో కొనే హక్కూ అమ్మే హక్కూ విదేశీ కంపెనీది. జనం తిరగబడ్డారు. 1891 డిసెంబరులో పెద్ద ఆలిం మీర్జా షీరాజీ పేరుతో ఫత్వా వచ్చింది. దేశమంతా హుక్కాలు మూలపడ్డాయి. షా సొంత జనానాలో కూడా ముట్టలేదని చెబుతారు. 1892లో షా ఒప్పందం రద్దు చేయక తప్పలేదు.

ఇంతవరకు మనవాళ్ళు గర్వంగా చెప్పుకొంటారు. తర్వాతది చెప్పరు. రద్దు చేసినందుకు కంపెనీకి 5 లక్షల పౌండ్లు పరిహారం కట్టాలి. ఖజానాలో డబ్బు లేదు. ఇంగ్లీషువాళ్ళు నడిపే బ్యాంకులోనే అప్పు చేసి కట్టారు. వీధిలో జనం గెలిచారు, ఖాతా పుస్తకంలో దేశం ఓడింది.

ఈ సంగతి మన దక్కనీలకు కొత్త కాదు. కంటింజెంట్ సైన్యం ఖర్చులు బాకీ పడ్డాయనే పేరుతోనే 1853లో బేరార్ నిజాం చేతిలోంచి కంపెనీ పాలనలోకి పోయింది. ఫిరంగి కంటే అప్పుపత్రం తక్కువ చప్పుడు చేస్తుంది, అంతే.

ఇక చమురు. 1901లో ముజఫ్ఫరుద్దీన్ షా, డార్సీ అనే ఇంగ్లీషు ధనవంతుడికి అరవై ఏళ్ళకు చమురు హక్కులు ఇచ్చాడు. ఇరాన్‌కు వచ్చేది నికర లాభంలో నూటికి 16 వంతులు. నికర లాభం ఎంతో లెక్క కట్టేది ఎవరు? కంపెనీయే. 1908లో మస్జిదె సులైమాన్ దగ్గర చమురు పడింది. 1914లో బ్రిటిష్ ప్రభుత్వం తన యుద్ధనౌకల కోసం ఆ కంపెనీలో పెద్ద వాటా కొనేసింది. 1933లో రజా షా ఒప్పందాన్ని తిరగరాయబోయి, గడువును 1993 దాకా పొడిగించి ఇచ్చాడు!

ఆబాదాన్‌లోని శుద్ధి కర్మాగారం ఆనాడు ప్రపంచంలోకెల్లా పెద్దది. ఇంగ్లీషు ఆఫీసర్లకు పచ్చిక తోటలు, ఈత కొలనులు. కూలీలు ఉండే ఒక పేటకు జనం పెట్టిన పేరు కాగజాబాద్. ఉర్దూ తెలిసినవారికి అర్థం చెప్పనక్కరలేదు. లండన్ ప్రభుత్వం ఆ కంపెనీ నుంచి వసూలు చేసుకొన్న పన్ను, చమురు సొంతదారైన ఇరాన్‌కు ముట్టినదానికన్నా ఎక్కువ. లెక్కలు చూపించమంటే కంపెనీ చూపించలేదు.

అప్పుడు వచ్చాడు డాక్టర్ ముహమ్మద్ ముసద్దిక్. స్విట్జర్లాండులో న్యాయశాస్త్రం చదివిన ముసలాయన. 1951లో మజ్లిస్ చమురును జాతీయం చేసింది, ఆయన ప్రధానమంత్రి అయ్యాడు. బ్రిటన్ అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళింది. ఈ తగవు విచారించే అధికారం తమకు లేదని 1952 జులైలో ఆ కోర్టు తేల్చింది. అలా తేల్చినవారిలో ఇంగ్లీషు జడ్జీ కూడా ఒకరు. న్యాయం మాట న్యాయంగా ఒప్పుకోవాలి కదా!

కాని బ్రిటన్ ఇరాన్ చమురు ఎవరూ కొనకుండా కట్టడి చేసింది. రాబడి పోయింది. 1953 ఆగస్టులో అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఏ., బ్రిటిష్ గూఢచారులతో కలిసి ఆయన్ను దించే పని మొదలుపెట్టింది. 15వ తేదీ రాత్రి చేసిన మొదటి ప్రయత్నం విఫలమైంది. షా విమానమెక్కి బాగ్దాదుకు, అక్కణ్ణుంచి రోముకు పారిపోయాడు. నాలుగు రోజుల తర్వాత, 19న, గుంపులూ ట్యాంకులూ వీధుల్లోకి వచ్చాయి, ముసద్దిక్ ప్రభుత్వం కూలింది. మూడేళ్ళ జైలు, ఆ తర్వాత 1967లో చనిపోయేదాకా సొంత ఊళ్ళో నిర్బంధం. ఇది ఊహాగానం కాదు. తమ పాత్రను ఒప్పుకొనే కాగితాలు 2013లో సి.ఐ.ఏ. నుంచే బయటికి వచ్చాయి.

కనుక కుట్ర లేదని నేను అనను. ఉంది, రుజువైంది. నా ప్రశ్న వేరు. బయటివాడు లోపలికి ఏ తలుపులోంచి వచ్చాడు?

డబ్బు పుచ్చుకొని రాసిన పత్రికలు ఇరాన్‌వే. డబ్బు పుచ్చుకొని అరిచిన గుంపులు ఇరాన్‌వే. నిన్నటిదాకా భుజం కలిపి నడిచిన ఆయతుల్లా కాషానీ విడిపోయాడు. వామపక్షమూ, మతపెద్దలూ, జాతీయవాదులూ ఒకరినొకరు నమ్మలేదు. ముసద్దిక్ కూడా దేవదూత కాదు. మజ్లిస్‌ను రద్దు చేయడానికి జనాభిప్రాయం అడిగి, అవును అనేవారికి ఒకచోట, కాదు అనేవారికి మరోచోట ఓట్ల పెట్టెలు పెట్టించాడు. ఎవరెటు వేశారో ఊరంతా చూసింది. దాంతో తన గోడకు తానే బీట తెచ్చుకొన్నాడు. తెలుగులో ఇంటిగుట్టు లంకకు చేటు అంటాం. మా ఇంట్లో ఘర్ కా భేదీ లంకా ఢాయే అంటారు. భాషలు రెండైనా మాట ఒకటే.

రెండో సంగతి దీనికన్నా ముఖ్యం. విదేశీ జోక్యం వెళ్ళిపోయాక కూడా ఒక విషం మిగిలిపోతుంది. షా పాతికేళ్ళు పాలించాడు. 1957లో సవాక్ అనే రహస్య పోలీసును పెట్టాడు, 1975లో ఒక్క పార్టీ తప్ప మిగతా అన్నీ మూయించాడు. 1979లో విప్లవం వచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో జబ్బుపడిన షాను అమెరికా రానిచ్చింది. మళ్ళీ 1953 జరగబోతోందని భయపడ్డారు. నవంబరు 4న విద్యార్థులు అమెరికా రాయబార కార్యాలయాన్ని పట్టుకొన్నారు. 52 మంది 444 రోజులు బందీలుగా ఉన్నారు.

అప్పుడు ప్రధాని మెహ్దీ బాజర్గాన్. 1951లో ముసద్దిక్ పంపగా చమురు స్వాధీనం చేసుకోవడానికి ఆబాదాన్ వెళ్ళిన ఇంజనీరు ఆయనే. ఆయన రాజీనామా చేశాడు. ఆయన ప్రభుత్వంలో ఉప ప్రధానిగా పనిచేసిన అమీర్ ఎంతెజామ్‌ను అమెరికా గూఢచారి అని ముద్రవేసి, యావజ్జీవ శిక్ష వేశారు. చూశారా! ఒకసారి నిజంగా దొంగ వచ్చిన ఇంట్లో, నోరు మూయించాలనుకొన్న ప్రతివాణ్ణీ దొంగ అనవచ్చు. బయటివాడి కుట్ర మొదట ప్రజల చేతిలోంచి ప్రభుత్వాన్ని లాక్కొంది. ఆ తర్వాత "కుట్ర" అనే మాట ప్రజల చేతిలోంచి ప్రశ్నను లాక్కొంది.

మన పిల్లలకు నేర్పవలసింది ఈ రెండూ. బయటివాడు చేసిన అన్యాయాన్ని తేదీలతో, లెక్కలతో చెప్పాలి, దాచకూడదు. దానితోపాటు, రహస్యంగా చేసిన ఒప్పందాన్నీ, అడగని అప్పునూ, చూపించని లెక్కనూ, విప్పిచెప్పని తగవునూ కూడా చెప్పాలి. ఒక్కటే చెబితే పిల్లలకు కోపం వస్తుంది, తెలివి రాదు. రెండోదే చెబితే సిగ్గు వస్తుంది, ధైర్యం రాదు.

ఖుర్‌ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ సూరా బఖరాలో ఉంది. అది యుద్ధం గురించి కాదు, స్వర్గం గురించీ కాదు. అప్పు పుచ్చుకొంటే రాసుకోవాలి, సాక్షుల్ని పెట్టుకోవాలి అన్న సంగతి గురించి. ఆ ముగ్గురు షాలూ ఈ ఒక్క ఆయత్‌ను పట్టించుకొని, జనం ఎదుట లెక్క రాసి ఉంటే, ఇరాన్ చరిత్ర ఇంకోలా ఉండేదేమో.

ఇందాక మన కోశాధికారిగారు ఏడాది జమాఖర్చులు చదువుతుంటే, వెనక వరుసల్లో చాలామంది టీ కోసం లేచారు. నేనూ సగం లేచాను, అబద్ధమెందుకు? వచ్చే ఏడాది ఆ పదినిమిషాలూ కూర్చుందాం. విందాం, అర్థం కాకపోతే అడుగుదాం. అడిగినవాణ్ణి శత్రువు అనకుండా ఉందాం. దేశమైనా సంఘమైనా తలుపు గడియ అక్కడే ఉంది.

ఆ అమ్మాయి జవాబుకు చివరికి ఒక మార్కు వేసి, పక్కన "ఇది ఒక కారణం, మిగతావి?" అని రాశాను. మర్నాడు పేపరు పట్టుకొని వచ్చి, "మిగతావి మీరు చెప్పలేదు కదా సార్" అంది. ఈ ప్రసంగం కాగితాలు రేపు ఆ పిల్ల చేతికే ఇస్తాను.