దైవికమా? దాశాపరాధమా?

(బల్మూరున జరిగిన వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ సభయందు విద్యను గూర్చి మాటలాడుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. ముప్పదియైదేండ్లు బడిపిల్లలతో గడపినవాడను గనుక వారట్లు కోరుట సహజమే. కాని విద్యను గూర్చి చెప్పగలవారు ఈ వేదికపై మరి నలుగురు కలరు. వారి యనుమతితో నేను వేరొక విషయము నెత్తుకొనుచున్నాను. అది చేపలవేటకు నీటిపైకి పోయిన మనవాడు సాయంకాలము ఇల్లు చేరు విషయము.

గాలివాన, అల, నావమునక యనునవి బందరువారికి, విశాఖవారికి గాని నల్లమల యంచుననున్న మనకేల యని కొందరనవచ్చును. బల్మూరు చెరువులలో వల వేయువానికి ఆ మాట చెల్లును. కాని మన పిల్లలు చెరువులతో నాగుట లేదు. చెరువులెండిన మాసములలో సోమశిలకు, కొల్లాపురము రేవులకు పోయి కృష్ణలో వల వేయుచున్నారు. ఆ కృష్ణ మన తాతలెరిగిన కృష్ణ కాదు. శ్రీశైలము ఆనకట్ట వెనుక నిండినప్పుడు 885 అడుగుల మట్టమున నిలిచి, సుమారు 600 చదరపు కిలోమీటర్ల మేర పరచుకొన్న జలాశయమది. గాలి లేచిననాడు దానిని సముద్రమనుటలో అతిశయోక్తి లేదు.

మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున నావలను గూర్చి యొక న్యాయము కలదు. నావలోని వస్తువు దాశుల యపరాధమువలన చెడిన యెడల దాశులందరును కలసి దానిని చెల్లింపవలెను. దైవికముగా చెడిన యెడల వారికి దండన లేదు. దాశులనగా మనమే. ఆ గ్రంథమున మనకు సమ్మతము కాని మాటలు పెక్కు గలవు. వానిని సమర్థించుటకు నేనిచ్చట నిలువలేదు. కాని ఈ విభాగము మాత్రము ఆలోచింపదగినది. ఏది దైవికము? ఏది దాశాపరాధము? నీట మునిగిన ప్రతివానిని గూర్చియు మనము "గంగమ్మ పిలుచుకొన్నది" అని యొకే మాట చెప్పి లేచిపోవుచున్నాము. ఆ మాటతో విచారణ ముగియుచున్నది.

మన పుట్టి సామాన్యమైనది కాదు. 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసువాడు డొమింగో పేస్ తుంగభద్రపై బుట్టలవలె గుండ్రముగానుండి, తోలు కప్పిన పడవలను చూచి, వానిలో మనుష్యులే కాక గుర్రములును ఎద్దులును దాటుటను వ్రాసినాడు. కాళిదాసు రఘువంశారంభమున ఉడుపముతో సముద్రమును దాటగోరువానితో తన్ను పోల్చుకొన్నాడు గదా. అచ్చట ఉడుపమనగా తెప్ప యని చెప్పి, తోలు కప్పిన పాత్రయనియు నర్థము వ్రాసినవాడు మల్లినాథసూరి. ఆయన మెదకు సీమలోని కొలిచాలమువాడు. పుట్టిని కన్నులార చూచియే వ్రాసెనని నాకొక యూహ. పండితులు నవ్వినను నవ్వుదురుగాక. ఏది యెట్లున్నను, ఉడుపముతో సముద్రమునకు పోవుట మోహమని కవి చెప్పినాడు. నేడు మనవారు చేయుచున్నది అక్షరాల అదియే.

నది పారునప్పుడు పుట్టి మునిగినను ఒడ్డు దగ్గర. ప్రవాహమే మనిషిని ఏదో యొక యిసుకదిబ్బకు చేర్చెడిది. నిలువనీటిలో ఆ సహాయము లేదు. గాలి యెంతదూరము అడ్డులేక నీటిపై నడచునో అల యంత పెరుగును. తీరమునుండి వచ్చి మన రేవులలో గుడిసెలు వేసికొని వేటాడు వాడబలిజ సోదరుడొకడు నాతో నిట్లనెను: "పంతులుగారూ, సముద్రపు కెరటం పొడుగ్గా వస్తది, పడవ ఎక్కి దిగుద్ది. ఇక్కడి కెరటం పొట్టిది, ఒకటి దిగేలోపు ఇంకొకటి కొడద్ది." పుస్తకములలో చదివినదానికన్న ఆతని మాట నాకు స్పష్టముగా బోధపడినది.

ఇంక నేను చెప్పుటకు వెనుదీయుచు వచ్చిన సంగతి. మాది కృష్ణ యొడ్డు గ్రామము. 1981లో ముంపు గ్రామములను ఖాళీ చేయించినప్పుడు మా కుటుంబమును లేచి యీ ప్రాంతము చేరినది. నేను ఉపాధ్యాయుడనైన కొలది యేండ్లకు, వైశాఖమాసపు సెలవులలో, మా పెదనాన్నగారి కుమారునితో పుట్టిలో వేటకు పోతిని. ఆతనివంటి యీతగాడు మా వంశమున లేడు. మధ్యాహ్నము దాటినది, గాలి పూర్తిగా స్తంభించినది, కొండలపై నల్లని మేఘము గోపురమువలె లేచినది. అన్న తెడ్డు తిప్పి, "తమ్ముడా, పోదాం పా" అనెను. ఇంకొక వల మిగిలియున్నది. "అది గూడ తీసి పోదము, అన్నా" అని నేనంటిని. చదువుకొన్నవాడనని ఆతనికి నామీద గౌరవము. ఆ వల తీయుటకు అరగంట పట్టినది. చల్లనిగాలి మొగమునకు తగిలిన కొంతసేపటికే అలలు పుట్టిలోనికి వచ్చినవి. తడిసిన వలల బరువు ఒకవైపున నున్నది. నేను భయపడి లేచి నిలిచితిని. పుట్టి తిరగబడెను.

అన్న "నేను ఒడ్డుకు పోయి మనుషుల తెస్త, నువ్వు పుట్టి ఇడువకు" అని యీదుచు పోయెను. ఈత సరిగా రాని నేను బోర్లపడిన పుట్టి యంచును, ఒక ఖాళీ కిరసనాయిలు డబ్బాను పట్టుకొని చీకటిపడువరకుంటిని. నన్ను వేరొక పుట్టివారు తీసికొనిపోయిరి. అన్న మూడవనాడు దొరకెను. ఊరంతయు గంగమ్మ పిలుచుకొన్నదనెను. నేనును మా వదినతో ఆ మాటయే చెప్పితిని. నలువదేండ్లకు చేరువగా ఆ మాటనే చెప్పుచు వచ్చితిని. ఆ గాలి దైవికము. ఇంకొక వల యన్నది నేను. లేచి నిలిచినదియు నేను. వదిన పోయిన యేడు కాలము చేసినది. ఆమె యుండగా చెప్పలేకపోతిని.

అందువలన కొన్ని మాటలు మీకు విసుగు పుట్టినను చెప్పెదను. చల్లనిగాలి వచ్చిన పిదప బయలుదేరుట ఆలస్యము. ఉరుము మొదట వినబడినప్పుడే, లేదా ఎండలో గాలి హఠాత్తుగా నిలిచి కొండపై మేఘము లేచినప్పుడే, వలకు డబ్బా కట్టి నీటనే విడిచి రావలెను. వల మరునాడు దొరకును. రావలసినది మన రేవునకు కాదు, దగ్గరనున్న యొడ్డునకు. మనవారు అన్నము, సైకిలు, చేపల బేరగాడు ఉన్న రేవునకే రావలెనని నడినీటికి పోవుదురు.

గాలి పట్టుకొన్న యెడల పుట్టిలో ఎవ్వరును లేవరాదు. అడుగున మోకాళ్లపై కూర్చుండవలెను. వలలు, చేపలు నడుమ నుండవలెను. పుట్టికి ముందువెనుకలు లేవు గనుక అది గిరగిర తిరుగును. చాంతాటికి బకెట్టునో, చుట్టిన వలనో కట్టి నీటిలో విడిచినచో తిరుగుట తగ్గి, కొట్టుకొనిపోవుట మందగించును. పడవయైనచో ఆ త్రాటిని ముక్కుననే కట్టవలెను. ముక్కు గాలివైపు నిలుచును. పడవ ప్రక్కను అలకు చూపుట మాత్రము కూడదు. వేసవిలో మట్టము తగ్గినప్పుడు మునిగిన యూళ్ల గోడలు, చింతమొద్దులు జానెడు నీటిక్రింద దాగియుండును. ఫైబరు పడవల యడుగులు చీలునది అచ్చటనే. మొలలో కత్తి యుండవలెను, కాలికి వల చుట్టుకొన్నచో కోయుటకు. కల్లు త్రాగి పుట్టి యెక్కువానిని గూర్చి నేను చెప్పనక్కరలేదు. వాని యింటివారు చెప్పుదురు.

పుట్టి తిరగబడినను దానిని విడువరాదు. వెదురు మునుగదు, దూరమునుండి చూచువారికి మనిషి తల కనబడదు, పుట్టి కనబడును. మా యన్నకు ఈతయే శత్రువైనది. ఈత రానివాడు పట్టుకొని బ్రదుకును, వచ్చినవాడు నమ్ముకొని పోవును. "నీటిలో పుట్టినోనికి జాకెట్టెందుకు సార్" అని నాతో నవ్విన యువకులు ఈ సభలోనే యున్నారు.

లైఫ్ జాకెట్టు అందరికన్న మేలు. అది లేనినాడు మూత గట్టిగా బిగించిన అయిదు లీటర్ల ఖాళీ డబ్బాలు రెండు సుమారు పది కిలోల బరువును తేల్చును. నీటిలో మనిషి తలను పైకి నిలుపుటకు అది చాలును. కాని వానిని చంకల క్రింద, రొమ్మువైపున కట్టవలెను. వీపున కట్టినచో మొగము నీటిలోనికి త్రిప్పును. అది లేనిదానికన్న కీడు.

ఇది వేటగాండ్రకు మాత్రమే సంబంధించినది కాదు. 2007 జనవరిలో సింగోటము జాతరనుండి మరలుచున్న వారి పడవ మంచాలకట్టవద్ద మునిగి అరువదిమందికి పైబడి పోయిరి. జాతరలనాడు పడవ నడుపువారు, పుట్టి వేయువారు మనవారే. పట్టదగినవారికన్న ఒక్కని నధికముగా ఎక్కించుకొన్నను అది దాశాపరాధమే, ఆ యొక్కడు బ్రతిమాలినను సరే.

హైదరాబాదు ప్రగతినగరమున 1999లో స్థాపితమైన ఇన్‌కాయిస్ యను సంస్థ సముద్రమున వేటాడువారికి అలల యెత్తును ముందుగా తెలుపుచుండును. సముద్రము లేని సీమనుండి సముద్రమునకు హెచ్చరిక పోవుచున్నది! సోమశిల రేవునందును అట్టి హెచ్చరికయొకటి, కనీసము మధ్యాహ్నపు గాలిని గూర్చి, పలకపై వ్రాయించుటకు అధికారులకు విన్నపము పంపవలెనని ఈ సభవారిని కోరుచున్నాను. అంతవరకు రేవునకొక్క పెద్దమనిషి మేఘము చూచి ఎర్రగుడ్డ ఎత్తినను చాలును.

నేను తెచ్చిన డబ్బాలు, త్రాళ్లు పందిరివెనుక వేపచెట్టుక్రింద నున్నవి. రేపు సూర్యోదయమునకు చెరువుకట్టవద్దకు వచ్చువారికి వానిని కట్టు విధము చూపెదను. నీటిలోనికి మొదట నేనే దిగుదును. ఈత నాకు నేటికిని సరిగా రాదు.