చదువొచ్చిన వాళ్ళందరికీ చదువు చెప్పడం వస్తుందా?

హైదరాబాదు ప్రగతి నగర్‌లో ఏ అపార్ట్‌మెంటు చూసినా పై అంతస్తుల్లో హైటెక్ సిటీకి వెళ్ళొచ్చే ఉద్యోగులు, కింద వాచ్‌మన్ కుటుంబం, పొద్దున్నే అంట్లు తోమడానికి వచ్చే ఆడవాళ్ళు కనిపిస్తారు. 2011 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత దాదాపు 67 శాతం. అంటే ఏడేళ్ళు నిండిన ప్రతి ముగ్గురిలో ఒకరికి చదవడం రాదు. 2022లో ఆమోదం పొందిన నవభారత సాక్షరతా కార్యక్రమం, ఇప్పుడు ‘ఉల్లాస్’ అంటున్నది, పదిహేనేళ్ళు దాటినవాళ్ళకు చదువు చెప్పే పనిని ప్రధానంగా స్వచ్ఛంద కార్యకర్తల మీదే పెట్టింది. డిగ్రీలున్నవాళ్ళు ఇంతమంది ఉన్నచోట పంతుళ్ళకు కరువేమిటనిపిస్తుంది. కానీ ముందు వాళ్ళకు తర్ఫీదు ఇవ్వాలి. అది లేకపోతే ఈ పని నాలుగు వారాలు కూడా నిలవదని నా నమ్మకం.

ఎందుకంటే మనకు చదవడం ఎలా వచ్చిందో మనకు గుర్తుండదు. గుర్తున్నదల్లా పలక, అ ఆలు, గుణింతాలు, వత్తులు. పెద్దవాళ్ళను ఆ వరుసలోనే కూర్చోబెడితే, అక్కరకొచ్చే ఒక్క మాట చదవకముందే నెల గడిచిపోతుంది. తర్ఫీదు పొందిన కార్యకర్త ‘పాలు’, ‘కూలి’ అన్న రెండు మాటలతో మొదలుపెడుతుంది. రెండూ గుర్తుపట్టాక, ‘పా’లోని దీర్ఘాన్ని తీసుకెళ్ళి ‘క’కు తగిలించి, పక్కన ‘లు’ పెట్టి, ఏమీ చెప్పకుండా ఆగుతుంది. ఎదుటి మనిషి కూడబలుక్కుని ‘కాలు’ అంటుంది. ఎవరూ నేర్పని మాటను తనంతట తానే చదివింది! ఇక్కడ అసలు విద్య ఆ ఆగడంలోనే ఉంది. జవాబు పెదవి దాకా వచ్చినా దిగమింగుకోవడం చదువుకున్నవాళ్ళకు చాలా కష్టం. అందుకే తర్ఫీదుకు వచ్చినవాళ్ళ ముందు తమిళమో ఒరియానో పెట్టి చదవమనాలి. అక్షరం అర్థంకాక నలుగురిలో తల దించుకోవడం ఎలా ఉంటుందో పది నిమిషాల్లో తెలిసొస్తుంది.

కంప్యూటర్ ఉండగా ఇదంతా ఎందుకనవచ్చు. ఆ ప్రయత్నం ఇక్కడికి దగ్గర్లోనే జరిగింది. 2000లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వారు, ఆ సంస్థ తొలి సారథి ఎఫ్.సి. కోహ్లీ చొరవతో, అప్పటి మెదక్ జిల్లా బీరంగూడలో, పాత కంప్యూటర్ల మీద బొమ్మలతో, మాటలతో తెలుగు చదవడం నేర్పారు. మామూలుగా రెండు వందల గంటలు పట్టే పని నలభై, నలభై అయిదు గంటల్లో అవుతుందన్నారు. అక్షరం కంటే ముందు మాటను పెట్టడం అందులోని తెలివి. దాన్ని మనం తీసుకోవలసిందే. అయినా అక్కడ కూడా జనాన్ని కూడగట్టేందుకు ఒక మనిషి కావలసివచ్చింది. మనిషి కావాలనడానికి నెల్లూరు జిల్లా సంగతి ఇంకా గట్టి సాక్ష్యం. 1990ల తొలినాళ్ళ అక్షరాస్యతా ఉద్యమంలో, సారా అంగడి మూయించిన సీతమ్మ కథ వాచకంలో పాఠంగా వచ్చింది. దూబగుంట ఆడవాళ్ళు ఆ పాఠం మీద మాట్లాడుకున్నారు, తమ ఊళ్ళో సారాను ఆపారు. ఆ ఉద్యమం పెరిగి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. పాఠం అప్పజెప్పించుకుని సరిపెట్టుకునే చోట అలాంటి మాటలు పుట్టవు. చర్చ నడపడం కూడా నేర్చుకోవలసిన పనే.

ఫోనే చదివి వినిపిస్తుంటే చదువెందుకన్నది మరో మాట. వేలిముద్ర వేయమని కాగితం ముందుకు తోసినప్పుడు ఎవరూ ఫోను తీసే వ్యవధి ఇవ్వరు. తర్ఫీదు పేరుతో రోజులు తినేస్తే వచ్చేవాళ్ళు రారన్నది మాత్రం న్యాయమైన అభ్యంతరం. మొదట రెండు సాయంత్రాలు చాలు. బోధన మొదలైన పక్షం రోజులకు మళ్ళీ కూర్చోబెట్టి, ఎక్కడ తడబడ్డారో అడగాలి. తడబాటు ఎదురయ్యాక విన్న సలహాయే పనికొస్తుంది. వయసులో పెద్దవాళ్ళను ‘నువ్వు’ అనకూడదని, నలభై దాటినవాళ్ళు అక్షరం పోల్చుకోలేకపోతే ముందు కంటి పరీక్ష చేయించాలని అప్పుడే చెప్పాలి. ఇక వేళ. ఇళ్ళలో పనిచేసేవాళ్ళకు కాస్త తీరిక దొరికేది మధ్యాహ్నం రెండింటికి, నాలుగింటికి మధ్య. ఆ సమయంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఆఫీసుల్లో ఉంటారు. కాబట్టి ప్రగతి నగర్‌లో తర్ఫీదుకు మొదట పిలవవలసింది ఇంటిపట్టున ఉండే గృహిణులను, రిటైరైన ఉద్యోగులను.