ఊరి బంచరాయి గురించి ఎవరిని అడగాలి?

మీ ఊళ్ళో బంచరాయి, అంటే పశువులు మేసే ఉమ్మడి భూమి, ఎక్కడుందో తెలుసా? ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. "ఇంకెక్కడుందిరా" అని నవ్వుతారు చాలామంది.

ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, 1994లో 58వ సెక్షన్ ఉంది. ప్రభుత్వానికి ప్రత్యేకంగా అవసరం లేని మేత పోరంబోకులు, కళ్ళాలు, శ్మశానాలు, మందబయళ్ళు, బండ్లబాటలు, తోపులు గ్రామ పంచాయతీవే అంటుంది. కావాలంటే గెజిట్ నోటిఫికేషన్‌తో ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చనీ అదే సెక్షన్ అంటుంది.

2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసు వచ్చింది. పంజాబ్‌లోని పటియాలా జిల్లాలో ఊరి చెరువుని ఆక్రమించి ఇళ్ళు కట్టారు. ఖాళీ చేయాల్సిందేనంది సుప్రీంకోర్టు. ఇలాంటి ఆక్రమణల్ని తీసేయడానికి అన్ని రాష్ట్రాలూ పథకాలు తయారుచేయాలని కూడా చెప్పింది. భూమిలేని కూలీలకో, ఎస్సీ, ఎస్టీలకో ప్రభుత్వమే లీజు ఇచ్చినచోట, బడో ఆస్పత్రో ఇప్పటికే ఉన్నచోట మాత్రం మినహాయింపు ఇవ్వొచ్చంది.

చిక్కంతా ఇక్కడే. గొర్రెల కాపరికి ఆ భూమి మేత. లీజు పట్టుకుని గుడిసె వేసుకున్న కూలీకి అదే ఇల్లు. ఇద్దరూ పేదవాళ్ళే. రేపు రూల్ మార్చాలంటే ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టి వినాలి కదా? మనవాళ్ళు వెబ్‌సైట్‌లో పీడీఎఫ్ పెట్టేసి అయిపోయిందనుకుంటారు.

ముసాయిదా బిల్లుని కనీసం 30 రోజులు జనం ముందు ఉంచాలని 2014లో కేంద్రం ఒక విధానం తెచ్చింది. మంచిదే. కానీ అది చట్టం కాదు. పైగా భూమి రాష్ట్రాల జాబితాలోది, రాష్ట్ర బిల్లులకి ఆ విధానం వర్తించదు. భాష సంగతి సరేసరి. 2020లో పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదాని మిగతా భారతీయ భాషల్లోకి అనువదించమని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది!

నన్నడిగితే, మంద తోలుకుని ఊరు దాటిన కాపరికి 30 రోజులు లెక్కే కాదు. మందలు తిరిగొచ్చాక గ్రామసభ పెట్టండి. ముందురోజు దండోరా వేయించండి. సబ్ క్లాజులు చదివితే ఎవరికి అర్థమవుతుంది? "గుట్ట కింద బీడు, ఈ సర్వే నంబరు, ఇన్ని ఎకరాలు" అని పంచాయతీ గోడ మీద రాయండి. ఎవరికేం పోతుందో వాళ్ళే చెప్తారు.

ఈ వారం ఒక పని చేయండి. పంచాయతీ కార్యదర్శిని ఆస్తుల రిజిస్టర్ చూపించమనండి. మేత పోరంబోకు సర్వే నంబర్లు రాసుకుని, ఊళ్ళో మేకలు కాసే తాతనెవరినైనా వెంటబెట్టుకుని వెళ్ళండి. అక్కడ ఒకప్పుడు ఏముండేదో ఆయన చెప్తాడు, ఇప్పుడేముందో మీరే చూస్తారు.