వంశావళిలో లేని తల్లి



కూనపులివారు పటము విప్పి మార్కండేయ పురాణమును గానము చేయ మనమందఱము విన్నవారమే. మన పద్మశాలీయుల యిండ్ల వంశావళులలో తాత ముత్తాతల పేళ్లు కలవు. పరదేశమునుండి వచ్చి మెట్టిన కోడండ్ర పేళ్లు కానరావు.

సముద్రమున కావల వేఱొక రీతి కలదు. 1860 నవంబరు 16వ తేదీన "ట్రూరో" యను నోడ చెన్నపట్టణము నుండి నేటాలులోని డర్బను రేవు చేరినది. అది మొదలు 1911 వఱకు 1,52,184 మంది యొడంబడిక కూలీలుగా హిందూదేశమునుండి యచ్చటికి పోయిరి. అందు తెలుగువా రనేకులు. ఓడ పట్టీలలో స్త్రీలకును సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, పుట్టుమచ్చలు వ్రాయబడినవి. అది గౌరవముచే గాదు, కూలి లెక్కకై. అయినను ఆ పట్టీలను బట్టియే నేడు దక్షిణాఫ్రికాలోని సంతతివారు తమ ముత్తవ్వల యూళ్లు వెదకుకొనుచున్నారు.

మా వంశావళిలో లేని మా ముత్తవ్వ పేరు, ఆమె పుట్టినింటివా రిచ్చిన యిత్తడి బిందెపై నాకు దొరకినది. ఆ బిందె నమ్మివేసి యుండినచో నా తల్లి పేరును పోయియుండును.

ఓరుగల్లు బాంధవులారా! పరాయి దొర లెక్కకై వ్రాసినపాటి మనము భక్తితో వ్రాయలేమా? ఇంటి ముసలమ్మల నడిగి, ప్రతి కోడలి పేరును, పుట్టినింటి పేరును, ఊరును నేడే వ్రాయుదుము గాక!